తోడికోడలి నాడి

మా ఇంట్లో అందరి చేతులకీ నల్లటి పట్టీలు కట్టిన రోజున మా చిన్నత్తయ్యగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "అల్లుడుగారూ, పెద్దావిడకి చెప్పండి, చారులో చెయ్యి ముంచితే ఆ పట్టీ కూడా ఉడుకుతుందని" అన్నారు. పెద్దావిడంటే మా అత్తగారు. ఆవిడ అక్కడే, మూరెడు దూరంలో నిలబడి చారుకి పోపు పెడుతున్నారు. "ఇక్కడి చెవులు బాగానే పనిచేస్తున్నాయని చెప్పండి అల్లుడుగారూ" అన్నారావిడ, నా వైపు కూడా తిరక్కుండా. నేను ఇద్దరి మధ్యా కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఇంట్లో ఏదో ఒక ఉద్యోగం ఉండాలి కదా, నాది ఇది.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. కాకినాడ జగన్నాథపురంలోని ఆ ఇంటికి ఒకరి వెనక ఒకరు కాపరానికొచ్చి, ఒకే వంటింట్లో జుట్టు నెరిసినవాళ్ళు. వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయింది నా పెళ్ళి పుణ్యమా అని. పెళ్ళిపిలుపులకి తిరుగుతూ మా అత్తగారు ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచి, ఇంట్లో ఉన్న తోడికోడలికి పెట్టలేదు. ఇంట్లోమనిషికి పిలుపేమిటని ఆవిడ వాదన. ఇంట్లోమనిషికి నుదురుండదా అని ఈవిడ వాదన. అంతే, ఆ పూట నుంచి మాటల్లేవు.

మాటల్లేవంటే నిశ్శబ్దమని అనుకునేరు. ఇద్దరూ పొద్దున్నించి పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండేవారు. గోడతో, కుక్కర్‌తో, టీవీ సీరియల్‌లో అత్తగారితో, నేను దొరికితే నాతో. ఒకరు బియ్యం ఏరుతుంటే రెండోవారు వీపు తిప్పుకుని పక్కనే గోంగూర ఒలిచేవారు. "కొందరికి ఉప్పు చెయ్యి ఎక్కువ" అని ఒక మూల నుంచి వస్తే, "కొందరికి నాలుక పొడుగు" అని ఇంకో మూల నుంచి వచ్చేది. చిన్నమామయ్యగారు పోయినప్పుడు మా అత్తగారు దగ్గరుండి అన్నీ చూశారు గానీ మాట మాత్రం కలపలేదు. చిన్నత్తయ్యగారు కొన్నాళ్ళు గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత ఒకరోజు లేచి వచ్చి, మూత తీసి చూసి, ఈ పప్పు మనుషులు తినేదేనా అని పొయ్యిని అడిగారు. మా అత్తగారి ముఖం ఆ రోజు ఎంత తేటపడిందో నేను చూశాను. చూసి నవ్వుకుని ఊరుకున్నాను.

ఇక ఆ పట్టీల సంగతి. అవి కట్టింది నా భార్య హైమ. వైద్య కళాశాల పక్కనున్న పరిశోధనశాలలో పని చేస్తుంది. దంపతుల్లో ఒకరు పోతే రెండోవాళ్ళు ఏ రోగమూ లేకుండానే ఎందుకు కుంగిపోతారన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. ఏళ్ళ తరబడి ఒకచోట మసిలిన ఇద్దరి నాడి, ఊపిరి ఒకదాన్ని చూసి ఒకటి నడక దిద్దుకుంటాయట. పక్కగదిలో దగ్గినా, గిన్నె దించినా, చెప్పులు విడిచినా, మనసు పట్టించుకోకపోయినా ఒంటికి తెలుస్తూనే ఉంటుందట. ఆ మనిషి లేకుండా పోతే ఒళ్ళు వెతుక్కుంటుంది. వెతికి వెతికి అలిసిపోతుంది. అలిసిన ఒంటికి ఆ మనిషి నాడినే మళ్ళీ అందిస్తే ఎలా ఉంటుందన్నది హైమ ఆలోచన.

ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి ఆ ప్రయోగం కళ్ళారా చూశాను. భార్య పోయిన పోస్టుమాస్టరుగారొకరు కుర్చీలో వాలిపోయి ఉన్నారు. భార్య బతికుండగా నమోదు చేసిన నాడిని పట్టీలోకి ఎక్కించి ఆయన మణికట్టుకి కట్టారు. అది గోరువెచ్చబడి, వేలితో తాకినంత మెల్లగా కొట్టుకోవడం మొదలెట్టింది. కాసేపటికి ఆయన తల తిప్పి తలుపు వైపు చూశారు. మళ్ళీ చూశారు. ఎవరైనా వచ్చారా అమ్మా అని అడిగారు. ఎవరూ రాలేదని హైమ చెప్పింది. ఆయన తలూపి, బల్ల మీదున్న ఇడ్లీ పొట్లం విప్పుకుని తినడం మొదలెట్టారు. అంతకుముందు ఆయన చేత నాలుగు మెతుకులు తినిపించడానికి కొడుకూ కోడలూ నానా పాట్లూ పడేవారట. హైమ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నా భార్యని చూసి అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదు.

చిక్కేమిటంటే, ఇద్దరూ బతికుండగానే నాడి నమోదు చేసి ఉంచాలి. అందుకే హైమ తన తల్లిదండ్రులకి కూడా పట్టీలు కట్టింది. అదే ఇంట్లో తిరిగే మాకు కూడా కట్టింది. మా నాడులు వేరుగా తెలిస్తే, అమ్మానాన్నల నమోదులోంచి మా అలికిడిని వడకట్టి తీసేయొచ్చునట. అంటే నేను పిప్పినన్నమాట అని నేను వేళాకోళం చేశాను. చిన్నత్తయ్యగారు మాత్రం పట్టీ కట్టించుకుంటూ, "తీసి పారేయడానికి కూడా కట్టాలిటే నాకు?" అన్నారు. హైమ నవ్వింది. అందరం నవ్వాం.

మామయ్యగారు నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్న పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం రేవు వైపు నడక. ఆ మరుసటేడు ఒక ఉదయం పేపరు ఒళ్ళో పెట్టుకునే పోయారు. దుఃఖంలో కూడా హైమ చేయాల్సింది మరిచిపోలేదు. పదకొండో రోజు దాటగానే తండ్రి నాడిని పట్టీలోకి ఎక్కించి తల్లి చేతికి కట్టింది. మా అత్తగారు పట్టీ మీద చెయ్యి వేసి కాసేపు ఉండి, ఆయనే, అని తలూపారు. హైమ ఊపిరి పీల్చుకుంది. అమ్మకి ఇంక ఫరవాలేదు అని నాతో అంది.

ఆ నెలలోనే చిన్నత్తయ్యగారి కొడుకు కామేశ్వర్రావు రాజమండ్రి నుంచి వచ్చాడు. పెదనాన్న కూడా పోయాక, మాటల్లేని మనిషితో అమ్మ ఇక్కడ ఎందుకు ఉండాలన్నాడు. కొడుకు అడిగినదాంట్లో తప్పేముంది? ఎవరూ కాదనలేదు. నిజం చెప్పాలంటే హైమకి లోలోపల అది మంచిదే అనిపించింది. ఇంట్లో ఆ గొడవ తగ్గితే పట్టీ ఇంకా బాగా పనిచేస్తుందని ఆమె లెక్క.

చిన్నత్తయ్యగారు వెళ్ళిన రోజు మా అత్తగారు గేటు దాకా వచ్చారు. కారు డ్రైవరుతో, ఊరగాయ జాడీ నిలబెట్టి పెట్టుకో బాబూ, పడుకోబెడితే నూనె కారుతుంది అని చెప్పారు. ఆ జాడీ తనే నింపి ఇచ్చింది. చిన్నత్తయ్యగారు కారులోంచి అదే డ్రైవరుతో, ఇక్కడివాళ్ళకి మోకాలి నొప్పి, నిలబడొద్దని చెప్పు అన్నారు. ఆ అబ్బాయికి ఏం అర్థం కాక బండి తీశాడు.

తర్వాత మా అత్తగారు కుంగిపోవడం మొదలైంది. మొదట కూర చేయడం మానేశారు. తర్వాత టీవీ పెట్టడం మానేశారు. హైమ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే ఊఁ కొట్టేవారు గానీ కళ్ళు వంటింటి గుమ్మం మీద ఉండేవి. నేను నా శాయశక్తులా ఉప్పు గురించి వంక పెట్టి చూశాను. "సరే బాబూ, రేపు తగ్గిస్తాను" అన్నారు మర్యాదగా. ఆ మర్యాద వింటే నాకు భయం వేసింది. డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. హైమ పట్టీలో తండ్రి నాడిని పెంచింది, ఇంకా పెంచింది. మా అత్తగారు ఒకసారి దాన్ని చూసుకుని, "పాపం మీ నాన్నని ఎందుకే ఇంత పరిగెత్తిస్తావు, ఆయన ఎప్పుడూ పరిగెత్తలేదు" అన్నారు. మంచం దిగడం కూడా తగ్గిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం హైమ ఫోన్ చేసి వెంటనే ప్రయోగశాలకి రమ్మంది. వెళ్ళేసరికి తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద, మామయ్యగారు ఉన్నప్పటి నమోదులోంచి, మూడు గీతలు వంకర్లు తిరుగుతూ నడుస్తున్నాయి. ఒకటి వాళ్ళమ్మ, ఒకటి నాన్న. ఆ రెండూ మధ్యాహ్నం కునుకు వేళ కాస్త కలిసి నడిచి మళ్ళీ విడిపోతున్నాయి. మూడోది మాత్రం అమ్మ గీతని వదలడం లేదు. ఇది లేస్తే అది లేస్తోంది, అది దిగితే ఇది దిగుతోంది, పొద్దున కాఫీ వేళ నుంచి దీపం ఆర్పేదాకా అదే వరస. కోపంతో ఎగిరినప్పుడు రెండూ కలిసే ఎగిరాయి.

ఆ మూడోది ఎవరని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

"వడకట్టి తీసేసిన చప్పుడు" అంది హైమ. "పిన్నిది."

చిన్నమామయ్యగారు పోయాక చిన్నత్తయ్యగారు ఏ పట్టీ లేకుండా ఎలా లేచి తిరిగారో అప్పుడు అర్థమైంది. భర్త పోతే పరామర్శకి ఊరంతా వస్తుంది. తోడికోడలు వేరే ఊరికి వెళ్ళిపోతే ఎవరొస్తారు? దాన్ని దుఃఖమని కూడా ఎవరూ అనరు. పైగా పీడా విరగడైంది కదా అంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

హైమ అక్కడి నుంచే రాజమండ్రికి ఫోన్ చేసి పిన్నిని రమ్మని బతిమాలింది. ఆవిడ గొంతు సన్నగా వినిపించింది. పిలవాల్సినవాళ్ళు పిలిస్తే వస్తాను తల్లీ అన్నారు. ఇంటికొచ్చి వాళ్ళమ్మని అడిగింది. మా అత్తగారు పడుకునే, వెళ్ళినవాళ్ళకి దారి తెలుసు, నేను ఎవరినీ పిలవను అన్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు మెట్టు దిగడానికి ఇంకో నెల పట్టేదేమో. ఆ నెల వాళ్ళమ్మ ఉండదని హైమకి కనిపిస్తోంది. చేతిలో ఉపాయం ఉంది. వడకట్టి పక్కన పడేసిన ఆ నాడి మొత్తం భద్రంగా ఉంది.

పాత పట్టీ బాగుచేసి తెచ్చానని చెప్పి, చిన్నత్తయ్యగారి నాడి ఎక్కించిన పట్టీని తల్లికి కట్టింది. చెబితే అమ్మ ఒప్పుకోదని నాతో అంది. నేనూ సరేనన్నాను. మా అత్తగారు పట్టీ వైపు చూశారు. హైమ ముఖంలోకి చూశారు. ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం మంచం దిగి, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, డబ్బాలు ఎవరు సర్దారివి, ఇంగువ తీసుకెళ్ళి పంచదార పక్కన పెడతారా ఎవరైనా అన్నారు. నేను హాల్లో కూర్చుని ఏడ్చేశాను. సంతోషంతోనే.

వారం తిరిగేసరికి ఆవిడ మనిషయ్యారు. పప్పు, కూర, చారు అన్నీ చేశారు. టీవీ ముందు కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఆ కోడలిదే తప్పు, కొందరు ఒప్పుకోరు గానీ" అనేవారు. అని, జవాబు కోసం అన్నట్టు కాస్త ఆగేవారు. తర్వాత మూతి ముడిచి, "చాల్లే" అనేవారు. అది చూసి హైమా నేనూ ఒకరినొకరం గిల్లుకుని నవ్వుకునేవాళ్ళం. మేమలా నవ్వుకున్నామంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

పిన్నికీ ఒకటి చేయాలి అని హైమ ఆ రోజుల్లోనే అంది. మనసులో లేక కాదు. ప్రయోగాన్ని అనుమతించే సంఘం వాళ్ళని అడిగితే, భార్యాభర్తలకే తప్ప వేరే బంధుత్వాలకి వీల్లేదన్నారు. తోడికోడళ్ళ మధ్య తోడేమిటమ్మా అని ఒక పెద్దమనిషి నవ్వాడట కూడా. తల్లికి కట్టింది ఎలాగూ దొంగతనంగానే కట్టింది. అది బయటపడితే పోస్టుమాస్టరుగారి లాంటి వాళ్ళందరి పట్టీలూ విప్పించేస్తారు. మళ్ళీ అర్జీ పెట్టింది. ఈలోగా కామేశ్వర్రావు ఫోన్ చేసి అమ్మ సరిగా తినడం లేదు, వయసు కదా అన్నాడు. హైమ వచ్చే నెల అనుమతి రాగానే తీసుకొస్తానంది. మనం వెళ్ళి ఆవిణ్ణే తెచ్చేద్దామా అని నేనన్నాను. రారు కదా అంది. నిజమే, రారు. అమ్మ బాగుంది కదా అని నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

అనుమతి రాలేదు. ఒక ఉదయం ఫోన్ వచ్చింది. చిన్నత్తయ్యగారు నిద్రలోనే పోయారు. ఒంట్లో ఏ రోగమూ లేదన్నారట డాక్టరు.

కారులో రాజమండ్రి వెళుతుంటే మా అత్తగారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కంట తడి లేదు. మధ్యమధ్య కుడిచెయ్యి పట్టీ మీద వేసుకుని, వెళ్దాం, చూద్దాం, వీళ్ళేదో పొరపాటు పడి ఉంటారు అన్నారు. హైమ ముందు సీట్లో గాజులు కూడా చప్పుడు కానంత బిగుసుకుపోయి కూర్చుంది. పోయిన మనిషి నాడి వెనక సీట్లో చక్కగా నడుస్తోంది. తల్లి ఒంటికి ఆ మనిషి ఇంకా వంటింట్లోనే ఉంది.

కామేశ్వర్రావు ఇంట్లో హాలు మధ్యలో పడుకోబెట్టారు. ఎముకలు తేలిన ఆ చిన్న ముఖాన్ని నేను పోల్చుకోలేకపోయాను. ఆవిడ అన్నం కంచం ముందు కూర్చుని ఏదో అని, కాసేపు ఆగి, ఎవరూ పలకకపోతే లేచి వెళ్ళిపోయేవారని కామేశ్వర్రావు భార్య చెప్పి ఏడ్చింది. మా అత్తగారు మెల్లగా వెళ్ళి పక్కన కింద కూర్చున్నారు. తోడికోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని మణికట్టు పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. బంధువులు చూస్తున్నారు.

"ఈ చెయ్యి చల్లగా ఉందే" అన్నారు. "ఇదేమో కొట్టుకుంటోంది."

హైమ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. అమ్మా, ఆ పట్టీలో నాన్న లేరు, అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది.

"తెలుసే" అన్నారు మా అత్తగారు. "కట్టిన రోజే తెలుసు. మీ నాన్న నాడి నాకు తెలీదా? ఆయన నిదానం మనిషి. ఇది విసవిసలాడుతూ, ఆగి, మళ్ళీ అందుకుని... ఇది మాణిక్యానిది కాకపోతే ఇంకెవరిది?"

ఆ పేరు ఆవిడ నోట వినడం నాకు అదే మొదలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినలేదు.

తెలిసి ఎందుకు ఊరుకున్నావమ్మా అని హైమ అడిగింది.

"నాకు దానిది కట్టావు కదా. దానికి నాది కట్టే ఉంటావనుకున్నాను." మా అత్తగారి గొంతులో కోపం లేదు, చిన్నపిల్లకి చెబుతున్నట్టు చెప్పారు. "అక్కడ అదీ నాతో పోట్లాడుకుంటూ, ఇంత తింటూ ఉందిలే అనుకున్నాను. రోజూ ఒక మాట అని, దాని జవాబు కోసం ఆగేదాన్ని. అదీ అక్కడ ఆగుతుందనుకున్నాను. లేకపోతే నేను ఊరుకుంటానుటే? నడవలేకపోతే పాక్కుంటూ వచ్చయినా తీసుకుపోయేదాన్ని." ఆగి, కూతురి ముఖంలోకి చూశారు. "కట్టలేదా?"

హైమ తల అడ్డంగా ఊపింది.

మా అత్తగారు ఒళ్ళోని చెయ్యిని మెల్లగా కింద పెట్టారు. కుడిచేత్తో పట్టీ విప్పారు. విప్పి, హైమ చేతిలో పెట్టారు. ఒక్క క్షణం అలా గుమ్మం వైపు చూశారు, పోస్టుమాస్టరుగారు చూసినట్టే, కానీ ఆవిడ కళ్ళకి అక్కడ ఎవరూ దొరకలేదు. అప్పుడు ఆవిడకి తెలిసింది. మాణిక్యం మీద పడి, ఆ చల్లటి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, "లేవే, నేనే వచ్చాను కదే, నాతో మాట్లాడవే" అని ఏడ్చారు. మధ్యలో గోడ లేదు, కుక్కర్ లేదు, నేను లేను. అలాంటి ఏడుపు నేను మామయ్యగారు పోయినప్పుడు కూడా వినలేదు. హాల్లో అంతమంది ఉన్నా ఎవరికీ ఆవిణ్ణి లేపే ధైర్యం లేకపోయింది.

హైమ గోడకి చేరబడి కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె అరచేతిలో ఆ పట్టీ ఇంకా వెచ్చగా, విసవిసలాడుతూ, ఆగి మళ్ళీ అందుకుంటూ కొట్టుకుంటోంది. దాన్ని ఆపే మీట ఎక్కడుందో ఆమెకి తెలుసు. తనే పెట్టింది. బొటనవేలు దాని మీదకి తీసుకెళ్ళి, నొక్కలేక, పిడికిలి మూసుకుంది.